ఒకే గది, ఒకే రాత్రి: ఇంట్లో తీసే స్టూడెంట్ షార్ట్ ఫిల్మ్‌కి లైటింగ్ ఎలా ప్లాన్ చేయాలి?

కృష్ణలంక_కెమెరా
అందరికీ నమస్కారం. మేం నలుగురం విజయవాడలో డిగ్రీ ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం పది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయాలి. కథ చిన్నదే. దసరాకి రెండు రోజుల ముందు రాత్రి. అమ్మ ఇంట్లో బ్లౌజులు కుడుతుంది, పొద్దున్నే ఇవ్వాల్సినవి ఇంకా ఆరు మిగిలాయి. కూతురు బీసెంట్ రోడ్డులో బట్టల షాపులో పనిచేస్తుంది. పండగ సీజన్ కదా, రోజంతా నిలబడి పదకొండింటికి ఇల్లు చేరింది. ఇద్దరికీ ఉన్నది ఒకటే గది, ఒకటే ట్యూబ్‌లైటు. అమ్మకి వెలుగు కావాలి, కూతురికి నిద్ర కావాలి. గొడవంతా ఆ స్విచ్చు దగ్గరే. చివర్లో తెల్లవారుతుంది.

లొకేషన్ కృష్ణలంకలో మా ఫ్రెండ్ వాళ్లు అద్దెకుంటున్న గ్రౌండ్ ఫ్లోర్ పోర్షన్. గది పది బై పన్నెండు అడుగులు. లేత ఆకుపచ్చ గోడలు. తూర్పున ఒక కిటికీ, దానికి ఆరడుగుల అవతల పక్కింటి గోడ. కెమెరా సోనీ మిర్రర్‌లెస్, క్రాప్ సెన్సర్. 35 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు ఉంది, కిట్ లెన్సు ఉంది. లైటింగ్‌కి ఆరు వేలు దాటకూడదు. షూటింగ్ జూలై రెండో వారంలో.

నిన్న ట్యూబ్‌లైటు వేసి టెస్ట్ తీస్తే సీసీటీవీ ఫుటేజ్‌లా వచ్చింది. ఏ లైట్లు అద్దెకి తెచ్చుకోమంటారు?

పటమట_పిల్లోడు
రెండు సాఫ్ట్‌బాక్సులు, ఒక ఆర్‌జీబీ ట్యూబు తెచ్చుకో బ్రో. ఒకవైపు బ్లూ, ఒకవైపు ఆరెంజ్ కొట్టు. అదిరిపోద్ది.

గాంధీనగర్_లైట్‌మన్
తమ్ముడూ, ఏ లైట్లు తేవాలని అడిగే ముందు, ఆ గదిలోంచి ఏ వెలుగు తీసేయాలో చూడు. ఇళ్లల్లో షూటింగ్ అంటే అదే పెద్ద పని.

పది బై పన్నెండు గదిలో నువ్వు ఎక్కడ లైటు పెట్టినా అది ఎదురు గోడకి తగులుతుంది, సీలింగ్‌కి తగులుతుంది, మళ్లీ వెనక్కొస్తుంది. లేత రంగు గోడలు కాబట్టి ఇంకా ఎక్కువ. ముఖానికి ఒకవైపు నీడ ఉండాలని నువ్వు అనుకుంటావు, గోడ దాన్ని పూడ్చేస్తుంది. అందుకే అంతా చదునుగా వచ్చింది. అందులో నీ కెమెరా తప్పేం లేదు. ఆ గదిలో రెండు సాఫ్ట్‌బాక్సులు పెడితే ఇంకా చదునైపోతుంది, పైగా స్టాండ్లు పెట్టాక కెమెరా నిలబెట్టడానికి చోటుండదు.

నల్ల గుడ్డ తెచ్చుకో. వన్ టౌన్‌లో వస్త్రలత బట్టల మార్కెట్లో హోల్‌సేల్‌గా దొరుకుతుంది. మెరుపు లేని కాటన్ తీసుకో, శాటిన్ వద్దు. ఫ్రేమ్‌లో కనపడని గోడ మీద అది కట్టు. ముఖానికి నీడ ఉండాల్సిన వైపు, రెండు మూడు అడుగుల దూరంలో, నల్ల గుడ్డ నిలబెట్టి చూడు. లైటు ఒక్కటీ మార్చకుండానే ముఖానికి ఆకారం వస్తుంది. మా యూనిట్లలో కటర్లు (వెలుగుకి అడ్డం పెట్టే పలకలు), నల్ల గుడ్డలు మోసేదే సగం పని.

వెలుగు ఎంత కావాలన్నది కూడా చెప్తా. లెన్సు ఎఫ్ 2, షట్టర్ 1/50 సెకను, ఐఎస్ఓ (కెమెరా వెలుగుని పట్టే శక్తి) 800 పెడితే 60 లక్సు (వెలుగు కొలత) దగ్గర సరైన ఎక్స్‌పోజర్ వచ్చేస్తుంది. ఇంట్లో వాడే 9 వాట్ల ఎల్ఈడీ బల్బు మీటరు దూరంలో ఆ మాత్రం ఇస్తుంది. రెండు మీటర్ల దూరం జరిపితే నాలుగో వంతుకి పడిపోతుంది. కాబట్టి ఈ గదిలో వాటేజీ గురించి ఆలోచించకు, దూరం గురించి ఆలోచించు. లైటు ముఖానికి దగ్గరగా ఉంటే వెనక గోడ తనంతట తనే చీకటవుతుంది. దూరంగా పెట్టావంటే ముఖం, గోడ ఒకే వెలుగులో ఉంటాయి.

కృష్ణలంక_కెమెరా
అన్నా, చాలా థ్యాంక్స్. కానీ మా కథలో ట్యూబ్‌లైటు ఉండాల్సిందే కదా. దాని గురించే గొడవ. అది ఆపేస్తే సినిమా లేదు.

గాంధీనగర్_లైట్‌మన్
ఆపమనలేదు తమ్ముడూ, దాని చోటు మార్చమంటున్నా. ఇప్పుడు ఎక్కడుంది?

కృష్ణలంక_కెమెరా
తలుపు పైన, పొట్టి గోడ మీద. గది మొత్తం వెలుగు పడేలా.

గాంధీనగర్_లైట్‌మన్
అదీ సంగతి. అమ్మ కూర్చునే కుట్టు మిషన్ వెనక గోడకి మార్చు, ఆరడుగుల ఎత్తులో. అంటే వెలుగు అమ్మ వీపు మీంచి వచ్చి, ఎదురుగా చాప మీద పడుకున్న కూతురి కళ్లల్లో కొడుతుంది. అమ్మ చేతుల మీద మాత్రం ఆమె నీడే పడుతుంది, కాబట్టి సూది దగ్గర సరిగ్గా కనపడదు. అందుకని మిషన్ లైటు కూడా వేసుకుంటుంది. ఇప్పుడు చూడు, ఆ ట్యూబ్ వల్ల అమ్మకి సగం లాభమే, కూతురికి పూర్తి నష్టం. ఒక్క డైలాగ్ లేకుండా కథ అర్థమవుతుంది.

ట్యూబ్ పైభాగానికి, సీలింగ్ వైపు, నల్ల చార్ట్ పేపర్ మడతపెట్టి కప్పు. సీలింగ్ వెలగడం ఆగితే సగం దరిద్రం పోతుంది. ఎల్ఈడీ బ్యాటెన్ (ట్యూబ్‌లా పొడుగ్గా ఉండే ఎల్ఈడీ లైటు) అయితే పెద్దగా వేడెక్కదు, అయినా పేపర్ ఆనించకుండా కాస్త ఎడం ఉంచు.

వన్‌టౌన్_వైర్‌మన్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, నాది కరెంటు పని. ట్యూబ్ మార్చేటప్పుడు మెయిన్ ఆపండి, వట్టి స్విచ్చు ఆపితే చాలదు. అద్దె ఇళ్లల్లో స్విచ్చు న్యూట్రల్ మీద వేసిన వైరింగ్ చాలా చూశా. స్విచ్చు ఆపినా హోల్డర్‌లో ఫేజ్ ఉంటుంది.

ఇంకోటి. స్టూడెంట్లు పెళ్లి వీడియోల వాళ్ల దగ్గర వెయ్యి వాట్ల హాలోజెన్లు అద్దెకి తెస్తారు. రెండు పెడితే 2,000 వాట్లు, మన 230 వోల్టులకి దాదాపు 8.7 ఆంపియర్లు. మామూలు చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. దానికి ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి రెండూ తగిలిస్తే ముందు ప్లగ్గు కరుగుతుంది. తప్పదంటే గీజర్‌కో ఏసీకో ఇచ్చిన 16 ఆంపియర్ల పాయింటు వాడండి. వైరు చుట్ట విప్పి పరచండి, చుట్టగా ఉంటే లోపల వేడెక్కుతుంది. ఆ గదిలో చుట్టూ గుడ్డ ముక్కలు, లైనింగ్, దారాలు. హాలోజెన్ అసలు వద్దనే నా మాట.

ఎడిటింగ్_టేబుల్
హాలోజెన్ అవసరం లేదు, పైన అన్న లెక్క చెప్పేశారు కదా.

నేను చెప్పేది ఫ్లికర్ గురించి. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద వెలిగే చవక లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలీదు, కెమెరాకి తెలుస్తుంది. అందుకని 25 ఫ్రేములు, షట్టర్ 1/50. 24 ఫ్రేములు కావాలన్నా షట్టర్ మాత్రం 1/50 దగ్గరే ఉంచండి. ఫోన్లు చాలావరకు 30 ఫ్రేముల్లో, షట్టర్ తమ ఇష్టం వచ్చినట్టు మార్చుకుంటూ తీస్తాయి. అప్పుడు గోడ మీద చారలు పాకుతూ కనపడతాయి. అవి నా దగ్గరికి తెచ్చి 'తీసెయ్' అంటారు. నూటికి తొంభై సార్లు పూర్తిగా పోవు.

కొనే ముందు షాపులోనే పరీక్ష చేయొచ్చు. ఫోన్ ప్రో మోడ్‌లో షట్టర్ 1/1000 పెట్టి బల్బు వైపు చూపించండి. చారలు నల్లగా, గట్టిగా వస్తే ఆ బల్బు పక్కన పెట్టేయండి. డిమ్మర్ ఉన్న చవక ఎల్ఈడీలు ఫుల్ బ్రైట్‌లో బాగానే ఉండి, తగ్గించగానే మొదలుపెడతాయి. తగ్గించి కూడా చూడండి. ఫ్యాను రెగ్యులేటర్‌కి మామూలు ఎల్ఈడీ బల్బు తగిలించి తగ్గిద్దామనుకోకండి, అది గిలగిల్లాడుతుంది. పాత ఫిలమెంట్ బల్బు అయితే ఆ పప్పులు ఉడుకుతాయి.

వైట్ బ్యాలెన్స్, అంటే ఏ వెలుగుని తెలుపుగా చూడాలో కెమెరాకి చెప్పే సెట్టింగ్, ఆటోలో పెట్టారంటే చంపేస్తా. ఒక షాట్‌లో అమ్మ కదలగానే గది రంగు మారిపోతుంది.

పటమట_పిల్లోడు
అయితే ఎంత పెట్టాలి మరి? ట్యూబ్ తెల్లగా ఉంది, మిషన్ లైటు పసుపు. రెండూ కలిస్తే కంపు కదా.

ఎడిటింగ్_టేబుల్
కంపు కాదు, అదే మీ సినిమా. మన ఇళ్లల్లో కూల్ డేలైట్ అని అమ్మే బ్యాటెన్ 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత, అంకె పెరిగితే నీలం, తగ్గితే పసుపు). వార్మ్ బల్బు 2700. కెమెరా 4300 దగ్గర లాక్ చేస్తే రెండూ చెరో వైపు జరుగుతాయి. ట్యూబ్ కొంచెం నీలంగా, మిషన్ లైటు కొంచెం పసుపుగా. అమ్మ చుట్టూ వెచ్చగా, కూతురి మీద చల్లగా. ఆర్‌జీబీ ట్యూబు లేకుండానే నీకు కావాల్సిన బ్లూ, ఆరెంజ్ దొరికాయి చూడు. కాకపోతే ఇది ఇంట్లో ఉన్న వెలుగులా ఉంటుంది, పబ్బులా ఉండదు.

బ్రాడీపేట_బాబాయ్
గుంటూరు నుంచి పలకరింపులు. పిల్లలు మంచి కథ పట్టుకున్నారు.

లైటింగ్ అనగానే మన వాళ్లు హాలీవుడ్ పేర్లు చెప్తారు. మన కెమెరామన్ మార్కస్ బార్ట్లే గారి పని ఒకసారి పెట్టుకుని చూడండి. 1957లో వచ్చిన మాయాబజార్‌లో ఆయన వెన్నెల చూసి తీరాలి. నలుపు తెలుపులో రంగు లేదు, లైటు ముందు పెట్టే నీలం జెల్ కాగితం లేదు. అయినా అది వెన్నెలే అని మనం నమ్ముతాం. ఎందుకు నమ్ముతాం? ఎక్కడ మెరవాలో అక్కడ మెరుస్తుంది, మిగతాది నీడలో వదిలేశారు. రాత్రి అంటే తెర మొత్తం నల్లబడటం కాదర్రా. ఎక్కడో ఒకచోట మంచి వెలుగుండాలి, అప్పుడే పక్కనున్న చీకటి చీకటిలా కనపడుతుంది.

ఇంటి లోపలి వెలుగుకైతే సత్యజిత్ రాయ్ కెమెరామన్ సుబ్రత మిత్రా గారు. 1956 నాటి అపరాజితోలో కాశీ ఇంటి ముంగిలి స్టూడియోలో సెట్ వేశారు. అలాంటి ముంగిట్లో వెలుగు పైనుంచి, ఆకాశం నుంచి, నీడల్లేకుండా దిగుతుంది. ఆయన సెట్ పైన తెల్ల గుడ్డ పరిచి, కింద నుంచి లైట్లు దాని మీదికి కొట్టి, తిరిగొచ్చిన వెలుగులో తీశారు. మీరూ సీలింగ్‌కి తెల్ల దుప్పటి కట్టి లైటు పైకి కొట్టండి, అద్భుతంగా వస్తుంది.

గాంధీనగర్_లైట్‌మన్
బాబాయ్ గారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. మిత్రా గారు చేసింది పగటి వెలుగు. ఇక్కడ రాత్రి, ఒక పేద టైలరమ్మ గది. రాత్రి సీన్లకి సీలింగ్ మీద దుప్పటి కడితే మళ్లీ అదే చదును. వీళ్లు ఇప్పుడిప్పుడే ఆ సీలింగ్ వెలుగు వదిలించుకుంటున్నారు.

బ్రాడీపేట_బాబాయ్
ఒప్పుకుంటున్నాను నాయనా. తెల్లవారే సీన్‌కి మాత్రం నా దుప్పటి అట్టే పెట్టండి.

రంగులమ్మాయి
ఎవరూ గోడల గురించి మాట్లాడట్లేదు, అందుకే వచ్చా. లేత పచ్చ గోడకి తగిలి వచ్చే వెలుగు కూడా లేత పచ్చే. కూతురు గోడ పక్కన పడుకుంటే బుగ్గ మీద ఆ పచ్చదనం ఎక్కుతుంది, జబ్బు మనిషిలా ఉంటుంది. గ్రేడింగ్‌లో, అంటే ఎడిటింగ్‌లో రంగులు సరిచేసేటప్పుడు, దాన్ని తీయాలంటే గోడా పోతుంది, చర్మమూ మారుతుంది. ఫ్రేమ్‌లో కనపడే గోడ అలాగే ఉంచండి, అది ఆ ఇంటి స్వభావం. ఫ్రేమ్ బయట ఉన్న గోడ మాత్రం నల్ల గుడ్డతోనో, తెల్ల దుప్పటితోనో కప్పేయండి.

ఇప్పుడు అసలు విషయం. మా అమ్మ కూడా బ్లౌజులు కుడుతుంది కాబట్టి ఇది రోజూ చూసేదే. మిషన్ లైటు సూది మీద పడుతుంది. సూది కింద ఉన్న గుడ్డ ఆ వెలుగుని పైకి, కుట్టే మనిషి ముఖం మీదికి తిప్పుతుంది. తెల్ల లైనింగ్ కుడుతుంటే ముఖమంతా మెత్తగా వెలుగుతుంది, ముడతలు కూడా కనపడవు. మెరూన్ పట్టు బ్లౌజు పెట్టగానే ముఖం చీకట్లోకి వెళ్లిపోతుంది, గడ్డం కింద కాస్త ఎర్రటి ఛాయ మిగులుతుంది. ముదురు నీలం అయితే పసుపు బల్బు కింద దాదాపు నలుపే. అమ్మ గుడ్డని ముందుకి తోసేకొద్దీ ఆ వెలుగు కదులుతుంది.

అంటే మీ థర్మోకోల్, అదే వెలుగుని ముఖం మీదికి తిప్పే తెల్ల షీటు, ఆమె చేతిలోనే ఉంది! ఆరు బ్లౌజులున్నాయి కదా, ఏ రంగు ఎప్పుడు కుడుతుందో మీరే నిర్ణయించుకోండి. నేనైతే మొదట్లో, కూతురు రాకముందు, లేత రంగులు పెడతా. గొడవ ముదిరేసరికి మెరూన్. అందరూ చెప్పే కలర్ పాలెట్ అనేది విడిగా మూడ్ బోర్డు మీద పెట్టక్కర్లేదు, ఆ బ్లౌజు ముక్కల మూటలో ఉంది.

గాంధీనగర్_లైట్‌మన్
అమ్మాయ్, ఇన్నేళ్ల నుంచి లైట్లు మోస్తున్నా, ఈ ఐడియా నాకు రాలేదు. శభాష్.

కృష్ణలంక_కెమెరా
అక్కా, ఇది విని మా టీమ్ అంతా స్క్రిప్టు మళ్లీ తెరిచాం. ఒక డౌటు. మా దగ్గర ఉన్న మిషన్ లైటు ఆ మెడ వంగే చిన్న ఎల్ఈడీది, అయస్కాంతంతో అతుక్కునేది. అది వెలిగించి తీస్తే అమ్మ చేతులు బూడిద రంగులో వచ్చాయి.

ఎడిటింగ్_టేబుల్
ఆ చిన్న ఎల్ఈడీల్లో ఎరుపు సరిగ్గా ఉండదు. మన చామనచాయ చర్మానికి ఎరుపు పోయిందంటే ప్రాణం పోయినట్టే. డబ్బా మీద సీఆర్ఐ (రంగుల్ని ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 పైన అని రాసిన వార్మ్ బల్బు తెచ్చుకోండి. మామూలువి 80 దగ్గర ఉంటాయి. దొరక్కపోతే పాత 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, రంగుల విషయంలో దానికి తిరుగులేదు. వేడెక్కుతుంది, గుడ్డకి తగలకుండా చూసుకోండి.

గాంధీనగర్_లైట్‌మన్
ఫ్రేమ్‌లో కనపడే మిషన్ లైటు వేరు, నిజంగా పని చేసే లైటు వేరు. చిన్నదాన్ని మిషన్ మీదే ఉంచు, లోపల బటర్ పేపర్ రెండు పొరలు అంటించి తగ్గించు. లేకపోతే కెమెరాలో తెల్ల మచ్చలా ఉంటుంది. దాని రంగు నచ్చకపోతే లేత నారింజ జిలటిన్ పేపర్ ముక్క ఒకటి కలుపు. అసలు బల్బుని ఫ్రేమ్ బయట, అదే దిక్కు నుంచి, అదే ఎత్తులో పెట్టు. వెలుగు మిషన్ లైటు నుంచే వస్తున్నట్టు ఉండాలి. బల్బు చుట్టూ నల్ల చార్ట్ గొట్టంలా పెట్టి వెలుగుని ఒడిలోకి మాత్రమే పంపు, గోడ మీదికి పోనివ్వకు. ఆ గొట్టం పొడుగు తగ్గిస్తూ పెంచుతూ అరగంట ఆడుకో, నేను చెప్పేదానికంటే అదే ఎక్కువ నేర్పుతుంది.

పటమట_పిల్లోడు
ట్యూబ్ ఆపేశాక కూతురు ఎలా కనపడుతుంది? అమ్మ దగ్గర చిన్న లైటు, అవతల కటిక చీకటి. నాయిస్, అదే బొమ్మ మీద గింజలు గింజలుగా, వచ్చేస్తది.

ఎడిటింగ్_టేబుల్
మంచి ప్రశ్న. కిటికీలోంచి వీధి దీపం. ఇప్పుడు వీధుల్లో చాలాచోట్ల తెల్ల ఎల్ఈడీలే కదా, ట్యూబ్ రంగుకి దగ్గరగా ఉంటుంది, కథకి కుదురుతుంది. ముఖం పూర్తిగా కనపడక్కర్లేదు. నుదురు, ముక్కు అంచు, భుజం గీత కనపడితే చాలు, పడుకోలేదని తెలియాలంటే కంట్లో ఒక మెరుపు. అమ్మ ముఖం కంటే రెండు స్టాపులు తక్కువ, అంటే నాలుగో వంతు వెలుగు. ఐఎస్ఓ 1600 దాకా వెళ్లండి, పర్లేదు. తక్కువ ఐఎస్ఓలో చీకటిగా తీసి ఎడిటింగ్‌లో లేపితేనే నాయిస్ ఘోరంగా వస్తుంది.

గాంధీనగర్_లైట్‌మన్
50 వాట్ల ఎల్ఈడీ ఫ్లడ్ లైటు ఒకటి చాలు, వీధి దీపానికీ అదే, తెల్లవారడానికీ అదే. సందులో కిటికీకి పైగా సన్‌షేడ్‌కి కట్టి వంచు. కిటికీ ఊచల నీడ కూతురి మీద పడాలంటే మాత్రం ఆరడుగుల్లో అది కొంచెం మసగ్గా వస్తుంది. లైటు ఎంత చిన్నగా, ఎంత దూరంగా ఉంటే నీడ అంత పదునుగా ఉంటుంది. సందు చివర నుంచి ఏటవాలుగా కొట్టి చూడు. దోమల మెష్ ఉంటే తీసేయి, నీడ అంచులన్నీ అదే తినేస్తుంది.

జూలై కాబట్టి వాన. బయట పెట్టే లైటు ఐపీ 65, అంటే వాన నీళ్లకి తట్టుకునేదని, రాసి ఉన్నదే తీసుకో. జాయింట్ బయట రాకుండా, వైరు లోపలి నుంచి లాగు. వైర్‌మన్ గారు తిట్టే లోపు నేనే చెప్తున్నా.

వన్‌టౌన్_వైర్‌మన్
తిట్టను గానీ, ఫ్లడ్ లైటుకి మూడో వైరు, అదే ఎర్తు, కోసి రెండు పిన్నులు పెట్టే అలవాటుంది కొందరికి. దాని ఒళ్లంతా లోహమే. వానలో తడిసిన సన్‌షేడ్. ఆ పని మాత్రం చేయకండి.

పటమట_పిల్లోడు
తెల్లవారే సీన్‌కి ఫ్లడ్ లైటెందుకు, తూర్పు కిటికీ ఉంది కదా. పొద్దున్న ఆరింటికి కెమెరా పెడితే ఎండ పక్కింటి గోడ మీద పడి లోపలికి వస్తుంది. ఫ్రీ.

రంగులమ్మాయి
రాదు. ఆ గోడ మీ కిటికీకి ఎదురుగా ఉంది, అంటే దాని ముఖం పడమర వైపు. పొద్దున ఎండ దాని వీపు మీద ఉంటుంది. మీ సందుకి మిగిలేది ఆకాశం నుంచి వచ్చే నీలి వెలుగు మాత్రమే, అదీ తక్కువ.

కృష్ణలంక_కెమెరా
నిజమే. ఇందాక ఫ్రెండ్‌ని అడిగా. పొద్దున ఎనిమిదింటికి కూడా లైటు వేసుకునే ఉంటాం అన్నాడు. పన్నెండు దాటాక కాసేపు సందు మొత్తం వెలిగిపోతుందట.

ఎడిటింగ్_టేబుల్
వెలుగుతుంది మరి. విజయవాడ పదహారున్నర డిగ్రీల అక్షాంశంలో ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ మధ్య రోజుల్లో నడినెత్తికి కొంచెం ఉత్తరంగా ఉంటాడు. జూలై రెండో వారం అంటే అయిదారు డిగ్రీల తేడా అంతే. మీ సందు ఉత్తర దక్షిణాలుగా ఉంది కాబట్టి పన్నెండుంబావుకి అటూ ఇటూ ఎండ నేరుగా అందులోకి దిగుతుంది. నేలకీ, గోడకీ తగిలి మెత్తబడి కిటికీలోంచి వస్తుంది. కెమెరా అదే 4300లో ఉంచి, ఒక స్టాపు తగ్గించి తీస్తే తెల్లవారుజామే. ఇదే సీను డిసెంబరులో తీయాలంటే వేరే లెక్క, అప్పుడు సూర్యుడు బాగా దక్షిణానికి వాలి ఉంటాడు.

ఒకటే టెన్షన్, మబ్బులు. షాట్ మధ్యలో మబ్బు కమ్మితే పొద్దున కాస్తా సాయంత్రం అవుతుంది.

గాంధీనగర్_లైట్‌మన్
అందుకే ఫ్లడ్ లైటు. రాత్రి సీన్లు అయిపోయాక అదే లైటుని కిటికీ వైపు కాకుండా పక్కింటి గోడ మీదికి తిప్పు. వాళ్లని ముందే అడగండి, నిద్రపోతుంటారు. గోడ పెద్ద లైటుగా మారి మెత్తటి వెలుగు లోపలికొస్తుంది. కిటికీ పక్కన, లోపల, బాబాయ్ గారి దుప్పటి కట్టుకో. మీకు ఎండ కావాలా, తెల్లవారుజాము కావాలా? తెల్లవారుజామంటే నేల మీద ఎండ చార ఉండకూడదు. చాలామంది కుర్రాళ్లు పసుపు రంగు ఎండ కొట్టేస్తారు, అది ఎనిమిదింటి ఎండ.

బ్రాడీపేట_బాబాయ్
దుప్పటికి పని దొరికింది, సంతోషం. పిల్లలూ, స్క్రిప్టులో కరెంటు పోయే సీను ఉందా?

కృష్ణలంక_కెమెరా
ఉంది బాబాయ్ గారూ. గొడవ తారస్థాయిలో ఉన్నప్పుడు కరెంటు పోతుంది, కొవ్వొత్తి వెలిగిస్తారు, ఇద్దరూ రాజీ పడతారు.

బ్రాడీపేట_బాబాయ్
తీసేయండి. కొవ్వొత్తి వెలుగులో అందరూ అందంగా ఉంటారు కాబట్టి ప్రతి స్టూడెంట్ సినిమాలో అది ఉంటుంది. ఇక్కడ స్విచ్చు ఇద్దరి చేతిలో ఉండటమే కథ. కరెంటు పోతే ఆ నిర్ణయం కరెంటాఫీసు వాళ్లది అయిపోతుంది. ఎవరో ఒకరు లేచి వెళ్లి ఆపాలి. ఎవరు ఆపుతారన్నది మీ ఇష్టం.

రంగులమ్మాయి
వెయ్యి లైకులు. స్విచ్చు బోర్డు చుట్టూ గోడ మీద చేతుల మరకలు ఉంటాయి కదా, అద్దె ఇళ్లల్లో తప్పకుండా ఉంటాయి. షూటింగ్ అని తుడిచేయకండి. పక్క నుంచి ట్యూబ్ వెలుగు గీసుకుంటూ పడితే ఆ మరకలన్నీ లేచి కనపడతాయి.

కృష్ణలంక_కెమెరా
అయితే ఇప్పటిదాకా మా ప్లాన్ ఇది. ట్యూబ్ మిషన్ వెనక గోడకి. ట్యూబ్ వెలుగులో తీసేవన్నీ మొదటి రాత్రి, ఆపేశాక వచ్చేవి రెండో రాత్రి. కెమెరా మొత్తం 4300లోనే. కొనేవి: నల్ల గుడ్డ, 50 వాట్ల ఫ్లడ్ లైటు, మంచి వార్మ్ బల్బులు రెండు, థర్మోకోల్ షీట్లు, చార్ట్, బటర్ పేపర్. అద్దెకి ఏమీ తేవట్లేదు. షూటింగ్ రాత్రి తొమ్మిది నుంచి రెండు. కిటికీకి నల్ల గుడ్డ కట్టి పగలు తీద్దామనుకున్నాం గానీ ఆ గదిలో ఫ్యాను లేకుండా జూలై పగలు చచ్చిపోతాం.

ఫ్యాను గురించే చివరి డౌటు. సౌండ్ కోసం ఎలాగూ ఆపుతాం. కానీ రాత్రి ఉక్కలో ఫ్యాను తిరగని ఇల్లు విజయవాడలో ఎక్కడుంటుంది, చూసేవాళ్లు నమ్ముతారా?

ఎడిటింగ్_టేబుల్
సీలింగ్ ఫ్యాను ఫ్రేమ్‌లోకి రానివ్వకండి, దాని చప్పుడు విడిగా రికార్డు చేసి నాకివ్వండి, ఎడిటింగ్‌లో కింద పరిచేస్తా. వింటే చాలు, తిరుగుతున్నట్టే నమ్ముతారు. ట్యూబ్ ఫ్యాను కంటే పైన ఉంటే రెక్కల నీడలు గోడ మీద తపతపలాడేవి, మీరు ఆరడుగులకి దించారు కాబట్టి ఆ గొడవా లేదు. షాట్‌కి షాట్‌కి మధ్య టేబుల్ ఫ్యాను పెట్టండి, ఆర్టిస్టులు పాపం.

గాంధీనగర్_లైట్‌మన్
చెమట పూర్తిగా తుడవకండి. పక్క నుంచి వచ్చే వెలుగు ఆ తడి మీద మెరిసి ముఖానికి గీత ఇస్తుంది. కాస్త ముదురు రంగు ఆర్టిస్టులకి వెలుగు పెంచడం కంటే ఆ మెరుపే ఎక్కువ ఉపయోగం. టెస్ట్ షాట్ తీయగానే ఫోన్‌లో ఒకసారి నలుపు తెలుపు చేసి చూడు. అమ్మ ముఖం, వెనక గోడ ఒకే బూడిద రంగులో కలిసిపోతే గోడ మీద ఇంకా వెలుగు పడుతోందని అర్థం.

కృష్ణలంక_కెమెరా
సరే అన్నా. ట్యూబ్ మార్చాలంటే ఓనర్ గారి పర్మిషన్ కావాలంటున్నాడు ఫ్రెండ్. గోడకి కొత్తగా మేకులు కొట్టనివ్వరట.

వన్‌టౌన్_వైర్‌మన్
మేకు ఎందుకు? పాత ట్యూబ్ జోలికి వెళ్లొద్దు, ఆపేసి ఉంచండి. కొత్త బ్యాటెన్ ఒకటి కొని, మూడు పిన్నుల వైరు పెట్టి, ప్లైవుడ్ పట్టీకి బిగించండి. ఆ పట్టీని బీరువా వెనక నిలబెట్టి పైన తాడుతో కిటికీ ఊచకో అల్మరా హ్యాండిల్‌కో కట్టండి. కిందికి వచ్చే వైరు మీద చీర ఒకటి వేలాడదీస్తే కనపడదు. స్విచ్చు నొక్కే షాట్‌లో పాత స్విచ్చు నొక్కినట్టు నటించమనండి (నిజంగా నొక్కితే పాత ట్యూబ్ వెలుగుతుంది), అదే క్షణంలో మీవాడొకడు ప్లగ్గు దగ్గర సాకెట్ స్విచ్చు ఆపుతాడు. రెండు మూడుసార్లు రిహార్సల్ చేయండి, కుదురుతుంది.

కృష్ణలంక_కెమెరా
ఇది సూపర్. బ్యాటెన్ కూడా లిస్టులో రాసుకున్నా. ఆదివారం టెస్ట్ తీసి ఫ్రేములు ఇక్కడే పెడతా.

ఎడిటింగ్_టేబుల్
బ్యాటెన్ కొనేటప్పుడు 1/1000 టెస్ట్ మర్చిపోకు.